బొమ్మలు వేసే చెయ్యి డిజైన్‌లోకి రావాలంటే

జయనగర్, బెంగళూరు

చిరంజీవి లావణ్యకు,

నువ్వు పంపిన బొమ్మలన్నీ చూశాను. మీ అవ్వ కళ్లజోడు సర్దుకుంటున్న స్కెచ్ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ వేళ్ల తీరు బాగా వచ్చింది. చేతులు వెయ్యడం చాలామందికి ఓ పట్టాన కుదరదు. ఎంపీసీ రెండో ఏడాది చదువుతూ రాత్రిళ్లు ఇంత గీస్తున్నావంటే నీకు ఇది టైంపాస్ వ్యవహారం కాదని తెలుస్తోంది. అందుకే డిజైన్‌లోకి ఎలా రావాలన్న నీ ప్రశ్నకి ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు ఒక విషయం తేల్చుకో. బొమ్మ నీ ఇష్టానికి వేస్తావు, డిజైన్ ఇంకొకరి అవసరానికి చేస్తావు. అలా చెయ్యడం మనసొప్పకపోతే ఫైన్ ఆర్ట్స్ చదువు, అదేం తక్కువ దారి కాదు. ఇక్కడ కుమారకృపా రోడ్డులో 1960లో మొదలైన చిత్రకళా పరిషత్ అనే కళల సంస్థ ఉంది. ఏటా జనవరిలో ఆ రోడ్డు పొడవునా చిత్రసంతె జరుగుతుంది. చిత్రకారులు బొమ్మలు పేర్చుకుని రోడ్డు పక్కనే కూర్చుంటారు, కొనేవాళ్లు నేరుగా వాళ్లతోనే మాట్లాడతారు. ఒకసారి వచ్చి తిరిగితే నీ మనసు ఎటు లాగుతోందో నీకే తెలుస్తుంది.

డిజైనే అనుకుంటే మాత్రం ఇంట్లో ఒక పని చెయ్యి. మీ అవ్వ బీపీ మాత్రల స్ట్రిప్ తీసుకుని వెనక రేకు చూడు. చాలా స్ట్రిప్పుల మీద ఎక్స్‌పైరీ తేదీ ఒక కొసనే కొట్టి ఉంటుంది. మందుల షాపువాడు ఐదు మాత్రలు కత్తిరించి ఇచ్చాడంటే, ఆ కొస ఎవరికి పోతే తేదీ వాళ్లకే తెలుస్తుంది. ఆ వెండి రేకు మీద ట్యూబ్‌లైటు పడితే ఉన్న అక్షరాలూ కనబడవు. అవ్వ పొద్దుటి మాత్రనీ రాత్రి మాత్రనీ ఎలా గుర్తుపడుతోందో అడుగు. రంగును బట్టా, సైజును బట్టా, ఏ డబ్బాలో పెట్టిందో దాన్ని బట్టా? ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకో. ఆ రేకును ఎన్ని రకాలుగా మార్చొచ్చో పెన్సిల్‌తో గీసి, మళ్లీ ఆమెకే చూపించు. ఆమె చదవలేకపోయినవాటినీ పారెయ్యకుండా, ఎందుకు చదవలేకపోయిందో పక్కన రాసిపెట్టు. నీ పోర్ట్‌ఫోలియోకి, అంటే నీ పని చూపించే ఫైలుకి, మొదటి పేజీలు అవే. ఉద్యోగానికి వచ్చే పిల్లల ఫైళ్లలో నేను వెతికేది ఆ కొట్టివేతల పేజీలనే. హీరోల పోర్ట్రెయిట్లు అందరూ తెస్తారు.

ఏఐ బొమ్మలు వేసేస్తోంటే మాకు పనెక్కడుంటుంది పిన్నీ అని అడిగావు. ఉత్త బొమ్మకు ధర తగ్గిన మాట నిజం. కానీ అవ్వ పక్కన కూర్చుని ఆమె ఎక్కడ తడబడుతోందో చూసేవాళ్లు ఇప్పటికీ కావాలి. నువ్వు ఆ పక్కన పట్టు పెంచుకో.

పరీక్షల సంగతి. డిజైన్ డిగ్రీలో చేరడానికి రాసే యూసీడ్ పరీక్షను ఐఐటీ బాంబే జనవరిలో పెడుతుంది. ఏ గ్రూపువాళ్లైనా రాయొచ్చు, హైదరాబాద్‌తో సహా కొన్ని ఐఐటీల్లో బీడెస్ (డిజైన్ డిగ్రీ) సీట్లు దాని ద్వారానే వస్తాయి. ఒక భాగం కంప్యూటర్ మీద, ఇంకో భాగం కాగితం మీద చేత్తో గీయాలి. పాత పేపర్లు వాళ్ల సైట్లోనే ఉచితంగా దొరుకుతాయి. కోచింగుకి డబ్బు కట్టేముందు వాటిని టైం పెట్టుకుని రాసి చూడు. ఎన్‌ఐడీకి (జాతీయ డిజైన్ సంస్థ), నిఫ్ట్‌కి (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) వేరే పరీక్షలు. బెంగళూరులోనే ఎన్‌ఐడీ ఉంది కదా అని మీ నాన్న అన్నారట. ఇక్కడి క్యాంపస్‌లో ఉన్నది పీజీ మాత్రమే. ఇంటర్ తర్వాత చేరాలంటే అహ్మదాబాద్ గానీ మన ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీ లాంటివి గానీ చూసుకోవాలి. ఈ ఏడాది ఏదీ రాకపోయినా కొంప మునగదు. ఇంజనీరింగ్ చదివి, ఆ తర్వాత సీడ్ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాసి, ఐఐటీల్లోనో ఇక్కడి ఐఐఎస్‌సీలోనో ఎండెస్ (డిజైన్ పీజీ) చేసేవాళ్లు ఉన్నారు. కాబట్టి మ్యాథ్స్‌ను మాత్రం వదలొద్దు.

ఇంకొకటి, నాకు చాలా ఇష్టమైనది. తెలుగు అక్షరాలు రాయడం నేర్చుకో. ఈ ఊళ్లో తయారయ్యే యాప్‌లు చాలావరకు ముందు ఇంగ్లీషులో గీసి, చివర్లో తెలుగు పోస్తారు. వరుసల మధ్య జాగా ఇంగ్లీషుకు సరిపోయేంతే ఉంటుంది. 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాటలొస్తే కింది ఒత్తు సగం తెగిపోతుంది, లేదంటే కింది వరుసలోని గుడి మీదకి ఎక్కి కూర్చుంటుంది. 'సబ్మిట్' పట్టిన బటన్‌లో 'సమర్పించండి' పట్టదు. ఇవన్నీ తెలుగు చదివేవాళ్ల కంటికే ఆనుతాయి. కానీ డిజైన్ టీముల్లో అలాంటివాళ్లు తక్కువ. బాపు గారు చదివింది లా. ఆయన చేతిరాత ఇప్పుడు ఫాంటుగా కంప్యూటర్లలోకీ వచ్చింది. రోజూ ఒక్క పేజీ రాయి. తలకట్టు, దీర్ఘం, ఒత్తు ఎంతెంత జాగా తీసుకుంటున్నాయో స్కేలు పెట్టి కొలువు.

ల్యాప్‌టాప్ లేదని బెంగ పెట్టుకోకు. యాప్‌ల తెరలు గీసే ఫిగ్మా ఉచితంగానే మొదలుపెట్టొచ్చు, బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌కి పైసా ఖర్చు లేదు, కాలేజీ ల్యాబులో నేర్చుకుంటే చాలు. కంప్యూటర్‌లోకి పెన్నుతో గీసే పలక, పెన్ టాబ్లెట్, ఇప్పుడే వద్దు.

చుట్టాల షాపులకి లోగోలు చేసిపెట్టమంటున్నారన్నావు. ఒక్కటి నేర్చుకోవడానికి చెయ్యి. రెండోదానికి సగం డబ్బు ముందే తీసుకో, ఎన్నిసార్లు మార్చి ఇస్తావో మెసేజిలో రాసి పంపు. సొంతవాళ్ల దగ్గర డబ్బు అడగడానికి మొహమాటపడితే, బయటివాళ్ల దగ్గర అసలే నోరు పెగలదు.

బావగారితో ఫీజుల సంగతి నేను మాట్లాడతాను. యూసీడ్ అప్లికేషన్లు మామూలుగా అక్టోబరులో తెరుస్తారు, సైట్ చూస్తూ ఉండు. దసరా సెలవులకి ఇక్కడికి రా, మా ఆఫీసులో ఒక రోజు నా పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఫోటోలు కాదు, స్కెచ్ పుస్తకాలే తీసుకురా, కొట్టేసిన పేజీలు చింపకుండా.

ప్రేమతో,
మీ పిన్ని