అర్థం కానప్పుడు తల ఊపకు, తల్లీ

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

నర్సింగ్ పూర్తయ్యేలోగా ఇంగ్లీషు గట్టిగా నేర్చుకుని, విదేశీ ఆసుపత్రుల్లో ఉద్యోగానికి పరీక్ష రాస్తానని పట్టుబట్టావట. నిన్న రాత్రి మీ నాన్న ఫోనులో చెప్పగానే గర్వంతో ఒళ్ళు పులకరించింది, ఆ తర్వాత చాలాసేపు నిద్ర పట్టలేదు. ఇదివరకు నువ్వు రెండుసార్లు మొదలుపెట్టి మధ్యలో వదిలేశావన్నది ఒక దిగులైతే, రెండోది ఏళ్ళ తరబడి నా వెంటే ఉన్న భయం.

చేయవలసిన పనులు నీకు తెలిసినవే. రోజూ అరగంట బిగ్గరగా చదువు, విన్నది రాసి చూసుకో, కొత్త మాటను విడిగా కాక వాక్యంలో పెట్టి నేర్చుకో. స్పెల్లింగు చూసి బెదిరిపోకు. 26 అక్షరాలతో దాదాపు 44 ధ్వనులను నెట్టుకొస్తున్న భాష అది. 1476లో ఇంగ్లండుకు అచ్చుయంత్రం వచ్చాక రాత మెల్లగా కుదురుకుంది గానీ ఉచ్చారణ మారుతూనే పోయింది. అందుకే 'దో' (though), 'త్రూ' (through), 'కాఫ్' (cough) అనే మూడు మాటలూ పలకడంలో వేరైనా ఒకే నాలుగు అక్షరాలతో ముగుస్తాయి. అక్కడ తడబడితే నీ తెలివిని అనుమానించుకోకు.

ఇక నా సంగతి. ఇరవై మూడేళ్ళప్పుడు ఒక కర్మాగారంలో మోటార్ల దగ్గర పనికి కుదిరాను. బడిలో ఇంగ్లీషులో మంచి మార్కులు వచ్చినవాణ్ణి, కాలాలన్నీ కంఠతా వచ్చు. తెలుగు రాని కొత్త ఇంజనీరు ఒక మధ్యాహ్నం ఫోను చేసి, "డోంట్ స్టార్ట్ ద మోటార్ అన్‌టిల్ ఐ కాల్ యూ" అన్నాడు. నా చెవిన పడ్డవి మోటారు, స్టార్టు, కాల్ అన్న మూడు మాటలే. మళ్ళీ చెప్పమని అడిగితే రాదనుకుంటాడేమోనన్న సిగ్గుతో "యెస్ సర్" అని ఫోను పెట్టేసి మీట నొక్కాను. అవతల బెల్టు సరిచేస్తున్న తోటి పనివాడి చొక్కా చేతిని బెల్టు లాగేసింది. అతని కేక విని ఆపేలోగా చిటికెనవేలు నలిగిపోయింది. అది మళ్ళీ తిన్నగా సాగలేదు. అతను నన్ను ఒక్క మాటా అనలేదు గానీ, నాకు కాగితం అందించినప్పుడల్లా వంగిపోయిన ఆ వేలు ముందుకొచ్చేది, నేను తల దించుకునేవాణ్ణి.

తప్పు ఎక్కడ జరిగిందో చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. 'నేను పిలిచేదాకా మోటారు వేయవద్దు' అని తెలుగులో అంటే ఆ 'వద్దు' వాక్యం చివర వస్తుంది, మన చెవి అక్కడిదాకా కాచుకుని ఉంటుంది. ఇంగ్లీషులో 'డోంట్' మొదటే వచ్చి, మనం చెవి నిలిపేలోగా దాటిపోతుంది. అందుకే వినేటప్పుడు వాక్యం మొదలును పట్టుకో, తల్లీ. వ్యాకరణమంతా ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

ఇది నా ఒక్కడి చేతకానితనం అనుకోకు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవి విమానాశ్రయంలో పొగమంచులో రెండు పెద్ద విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. ప్రమాదానికి కారణాలు అనేకం, వాటిలో మాట ఒకటి. "మేమిప్పుడు టేకాఫ్ దగ్గర ఉన్నాం" అని ఒక విమానం నుంచి వచ్చిన మాటను, నేలమీద నుంచి విమానాలకు అనుమతులిచ్చే కంట్రోలర్, పైకి లేవడానికి సిద్ధంగా ఆగి ఉన్నారని అర్థం చేసుకుని "ఓకే" అన్నాడు, విమానం మాత్రం అప్పటికే పరుగు మొదలుపెట్టింది. ఆగండి, నేను పిలుస్తాను అని అతను తర్వాత అన్న మాట రేడియో రొదలో మునిగిపోయింది. ఆ పైన 'టేకాఫ్' అన్న మాట వాడకానికే కట్టుదిట్టమైన నియమాలు పెట్టారు. ఇప్పుడు అనుమతి అందుకున్న పైలట్ "ఓకే" అని ఊరుకోకుండా, విన్నదాన్ని తిరిగి చెప్పాలి.

నువ్వూ అదే అలవాటు చేసుకో. డాక్టరు నోటిమాటగా మోతాదు చెబితే తిరిగి చెప్పి, ఔనన్నాకే మందు ముట్టుకో. 'ఫిఫ్టీన్', 'ఫిఫ్టీ' హడావిడిలో ఒకేలా వినిపిస్తాయి, కాబట్టి "వన్ ఫైవ్" అనో "ఫైవ్ జీరో" అనో అంకెలు విడదీసి అడుగు. "అర్థం కాలేదు, దయచేసి మళ్ళీ చెప్పండి" అన్న వాక్యాన్ని మిగతా అన్నిటికంటే ముందు నేర్చుకో, నోరు తిరిగేదాకా పలుకు.

ఉత్సాహం నిలవడం లేదని మీ నాన్నతో అన్నావట. నిలవకపోవడానికి కారణం నాకు తెలుసు. రెండుసార్లూ నువ్వు మొదలుపెట్టింది ఎవరో నవ్వారన్న ఉక్రోషంతో. ఉక్రోషం వారం తిరగకుండానే చల్లారిపోతుంది, నీకు మాత్రం ఆ సంగతి చెబితే కోపం. ఈసారి పుస్తకం తెరిచేముందు, నీ వార్డులో నువ్వు చెప్పే మాట కోసం కళ్ళప్పగించి చూసే రోగి ఒకరిని తలుచుకో. ఆ రోగి కేసు షీటులో అర్థం కాని మాటలు రెండు రాసుకుని వచ్చి, ఆ రాత్రికి వాటి సంగతి తేల్చు. మనసు రాని రోజున ఐదు నిమిషాలే చదువు, పూర్తిగా మాత్రం మానకు. నిన్ను కసురుతున్నాననుకోకు, నువ్వు జ్వరంలోనూ పరీక్షకు వెళ్ళిన పిల్లవని నాకు గుర్తుంది.

ఆదివారం సాయంత్రం ఫోను చెయ్యి. నేను ఇంగ్లీషులో ఒక మోతాదు చెబుతాను, నువ్వు తిరిగి చెప్పు. నా గొంతు ఈ మధ్య సరిగా పలకడం లేదు, వినిపించకపోతే మొహమాటపడకుండా మళ్ళీ చెప్పమను.

ఇట్లు,
మీ పెద్దనాన్న