కారు ఎంత దించాలి? మేనల్లుడికి ఒక ఉత్తరం

చి. కార్తీక్‌కు ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. టైరుకీ ఫెండర్‌కీ మధ్య వేలు దూరకుండా, స్ప్రింగులు మార్చి బాడీని కిందికి దించిన ఆడి టీటీ చూడ్డానికి బాగుంది, కాదనను. అయితే అవన్నీ నున్నటి నేల మీద, కారు ఆపి తీసిన ఫోటోలు. నువ్వు దాన్ని రోజూ మణికొండ గల్లీల్లోంచి ఆఫీసుకు తీసుకెళ్లాలి. "40 దించితే సరిపోతుందా, 50 దించాలా మామయ్యా" అని అడిగావు. నా మాట ముందే చెప్పేస్తా: 20 మిల్లీమీటర్లు. మరీ మనసు ఊరుకోకపోతే 25. ఆ పైన వద్దు. లెక్క చూపించకుండా చెప్తే నువ్వు వినవని తెలుసు, అచ్చం మీ అమ్మ పోలిక. అందుకే లెక్కతో సహా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి తేల్చుకో. నీ కారుకి కంపెనీ వేసిన స్పోర్ట్ సస్పెన్షన్ ఉందా, మామూలుదా? స్పోర్ట్ అయితే మామూలు టీటీ కంటే అప్పటికే 10 మి.మీ. కిందే ఉంటుంది. నేను చెప్పే 20 మామూలు ఎత్తు నుంచి లెక్క. ఈ తేడా చూసుకోకుండా ఎవరో "30 దించాను, ఏమీ కాలేదు" అన్నారని మనమూ 30 దించేస్తాం. తీరా చూస్తే మనది 40 అయి కూర్చుంటుంది.

ఇక కొలత. నేల నుంచి ఫెండర్ వరకు టేపు పెట్టకు. టైరు అరిగినా, గాలి తగ్గినా ఆ అంకె మారిపోతుంది. చక్రం మధ్య బిందువు నుంచి ఫెండర్ అంచు వరకు నిలువుగా కొలువు. నాలుగు చక్రాలకూ కొలిచి, పని మొదలుపెట్టే ముందే రాసి పెట్టుకో. కొలిచేటప్పుడు డ్రైవర్ సీటు ఖాళీగా ఉండకూడదు. నువ్వే కూర్చుంటే కొలిచేదెవరు? నేనైతే నా మెకానిక్ షెడ్డులో 25 కేజీల సోనా మసూరి సంచులు మూడు సీట్లో పెట్టించేవాణ్ని. కుర్రాళ్లు నవ్వుకునేవాళ్లు, కానీ కుడి వైపు ఎంత దిగుతుందో దాంతో తేలిపోయేది. ట్యాంకు సగం నిండి ఉంటే మేలు. 50 లీటర్ల పెట్రోలంటే దగ్గర దగ్గర 37 కేజీలు, అది ఎక్కువగా వెనక మీదే పడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి, మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి వద్దాం. అందరూ ముందు బంపర్ కింద లిప్ గీసుకుంటుందని భయపడతారు. అది గీసుకుంటే పెయింట్ పోతుంది, మహా అయితే లిప్ మారుస్తావు. దెబ్బ గట్టిగా తగిలేది ర్యాంపు ఎక్కి రోడ్డు మీదికి వచ్చే అంచు దగ్గర. ముందు చక్రాలు రోడ్డు మీదికి వచ్చేస్తాయి, వెనకవి ఇంకా ర్యాంపు మీదే ఉంటాయి, ఆ కాంక్రీటు అంచు సరిగ్గా కారు పొట్ట కింద ఉంటుంది. టీటీ వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2505 మి.మీ. ప్రతి ఎనిమిది అడుగులకు ఒక అడుగు లేచే ర్యాంపు అయితే, అంచును గుండ్రంగా చెయ్యకుండా వదిలేసిన చోట కారు నడుముకు 78 మి.మీ. ఖాళీ కావాలి. ఆరు అడుగులకు ఒక అడుగు లేస్తే 104 మి.మీ. కావాలి. ఫోన్‌లో లెవెల్ యాప్ ఉంటుంది కదా, ర్యాంపు మీద ఒక చెక్క పెట్టి దాని మీద ఫోన్ పెట్టు. 7 డిగ్రీలు చూపిస్తే మొదటి రకం, తొమ్మిదిన్నర చూపిస్తే రెండోది. స్థలం కలిసొస్తుందని మన బిల్డర్లు ర్యాంపును ఎంత కుదిస్తారో నీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కారు కింద పడుకుని, రెండు చక్రాల మధ్యలో అన్నిటికంటే కిందికి వేలాడే భాగం ఏదో చూసి, నేల నుంచి దాని ఎత్తు కొలువు. ఉదాహరణకు 115 వచ్చిందనుకో. ర్యాంపు 7 డిగ్రీలది. 115లో 78 తీసేస్తే 37. పక్కన ఇంకో మనిషి కూర్చుంటాడు, డిక్కీలో బ్యాగులుంటాయి, అంచు దాటేటప్పుడు కారు కొంచెం ఊగుతుంది. దానికి 15 వదిలెయ్యి. మిగిలింది 22. నా 20 అలా వచ్చిందే. నీ కొలతలు వేరేగా వస్తే నీ అంకె కూడా మారుతుంది. ర్యాంపు తొమ్మిదిన్నర డిగ్రీలది అయితే మాత్రం కారు దించడం మాటెత్తకు. ముందు అసోసియేషన్ వాళ్లతో మాట్లాడి ఆ అంచును గుండ్రంగా చెక్కించు. సిమెంటు పని ఖర్చు, కొత్త స్ప్రింగులూ షాకప్‌లూ ఉండే నీ సస్పెన్షన్ కిట్టు ఖర్చు ముందు లెక్కలోకే రాదు.

స్పీడ్ బ్రేకర్ల సంగతి వేరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం కట్టింది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది, 17 మీటర్ల రేడియస్ వంపుతో. అలాంటి దాని మీదికి టీటీ పూర్తిగా ఎక్కాక నడుము కింద పోయేది 46 మి.మీ. మాత్రమే. బాధే లేదు. కానీ మన కాలనీల్లో రాత్రికి రాత్రి తారు పోసి, పైన ఒకటో రెండో బండ్లు తొక్కించి వదిలేసే గట్టు ఉంటుంది చూడు, దాని వెడల్పు రెండడుగులు కూడా ఉండదు. అది మొత్తం ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య పట్టేస్తుంది. అప్పుడు దాని ఎత్తు ఎంతో అంతా నీ కారు కింద ఖాళీ ఉండాల్సిందే. ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కిస్తూ దాటితే కొంత నయం. వెనక బైకులవాళ్లు హారన్లు కొడతారు, కొట్టనీ. వానాకాలంలో ఇంకో తిప్పలు. నీళ్లు నిలిస్తే ఆ గట్టు కనపడదు, పైపులైను కోసం తవ్వి మట్టి కప్పిన చోటా కనపడదు. ఇంజన్ కింద ఆయిల్ ఉండే ఛాంబర్ ఒక్కసారి గట్టిగా తగిలి ఆయిల్ కారిపోతే, అది చూసుకోకుండా నడిపితే ఇంజనే పోతుంది.

ఇంతవరకు చెప్పింది నేలతో గొడవ. రోడ్లన్నీ అద్దంలా ఉన్నా నేను 25 దగ్గరే ఆపమంటాను. ఎందుకంటే ఆ తర్వాత కారు నడక చెడుతుంది. దించితే కారు మలుపుల్లో అతుక్కుపోతుందని అందరూ అనుకుంటారు. కొంతవరకు నిజమే. టీటీకి ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగూ షాకప్పూ ఒకే స్తంభంలా కలిసి ఉండే రకం. కంపెనీ ఎత్తులో లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారుకు కలిపే కింది కడ్డీ) లోపలి నుంచి చక్రం వైపు కొద్దిగా కిందికి వాలి ఉంటుంది. దించేకొద్దీ అది అడ్డంగా, సమంగా అవుతుంది. ఇంకా దించితే చక్రం వైపు పైకి లేస్తుంది. అక్కడి నుంచి కథ తిరగబడుతుంది. కారు బరువు కేంద్రం 10 మి.మీ. దిగితే, కారు ఏ బిందువు చుట్టూ పక్కకు ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్ అంతకంటే ఎక్కువ దిగిపోతుంది. రెండిటి మధ్య దూరం పెరిగేసరికి కారు మలుపులో ఇంకా ఎక్కువ ఒరుగుతుంది. అంటే దించి చెడగొట్టుకున్నదాన్ని స్ప్రింగు గట్టిది వేసి సరిచేసుకోవాలి. పైగా ఒరిగినప్పుడు బయటి టైరుకు అందాల్సిన క్యాంబర్ (చక్రం నిలువు నుంచి పక్కకు వాలే కోణం) అందదు. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ కోణం కూడా మారిపోతుంది కాబట్టి గుంతలో పడిన ప్రతిసారీ స్టీరింగ్ చేతిలో దానంతటదే లాగుతుంది. కాబట్టి కారు నేల మీద ఉండగా పక్క నుంచి వంగి లోయర్ ఆర్మ్ చూడు. సమానంగా వచ్చిందంటే అదే నీ గీత.

రెండోది షాకప్ ప్రయాణం, అంటే అది ఎంత దూరం నొక్కుకోగలదు అన్నది. టీటీకి దొరికే కిట్లలో చాలావాటిలో స్ప్రింగు కింద ఉన్న రింగు తిప్పే ఎత్తు మారుస్తారు. అలా 40 దించితే, చివర్లో అడ్డుగా ఉండే స్టాపర్ రబ్బరు తగలడానికి ముందు షాకప్ దిగగలిగే దూరంలోంచి ఆ 40 పోయినట్టే. కంపెనీ కార్లలోనూ గట్టి మలుపులో ఆ రబ్బరు కొంచెం తాకుతుంది, అది తప్పేమీ కాదు. అది పూర్తిగా నలిగి రాయిలా అయ్యేదాకా పోవడమే తప్పు. అప్పుడు గుంత దెబ్బ నేరుగా బాడీకీ నీ నడుముకీ వస్తుంది. అదే మలుపు మధ్యలో జరిగితే టైరు పట్టు వదిలేస్తుంది.

ఇది కళ్లతో చూడొచ్చు. షాకప్ రాడ్ బయటికి కనిపించే రకమైతే, దాని చుట్టూ సన్నటి జిప్ టై ఒకటి వదులూ బిగుతూ కాకుండా కట్టి, కిందికి జరిపి షాకప్ బాడీకి ఆనించు. తర్వాత నీ రోజు దారిలో నీ రోజు స్పీడులోనే వెళ్లు. మణికొండ గల్లీ, షేక్‌పేట ఫ్లైఓవర్, తీరికుంటే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆ జాయింట్లు కూడా. ఇంటికొచ్చి చూస్తే జిప్ టై పైకి జరిగి ఉంటుంది. బాడీకీ దానికీ మధ్య దూరమే షాకప్ వాడుకున్న ప్రయాణం. స్టాపర్ రబ్బరు దాకా ఇంకో వేలెడంత మిగిలి ఉంటే హాయిగా నిద్రపో. జిప్ టై రబ్బరులోకి దూరిపోయి ఉంటే రింగు పైకి తిప్పు. దీని ముందు ఏ నిపుణుడి మాటా నిలబడదు, నాది కూడా. ఇంకో గుర్తు కూడా ఉంది. జాకీ వేసి చక్రం గాల్లో వేలాడినప్పుడు స్ప్రింగు దాని సీటులో వదులుగా ఆడుతుంటే చాలా దించేశావన్నమాట.

వెనక వేరే లెక్క, జాగ్రత్త. టీటీ వెనక స్ప్రింగు ఒక చోట, షాకప్ ఇంకో చోట ఉంటాయి. స్ప్రింగు ఆర్మ్ మీద చక్రానికి కొంచెం లోపలికి కూర్చుంటుంది. అందువల్ల అక్కడ రింగు 10 మి.మీ. తిప్పితే కారు 10 కంటే ఎక్కువే దిగుతుంది. ముందు ఇన్ని మరలు, వెనకా ఇన్నే మరలు అని లెక్కపెట్టే మెకానిక్ చేతికి కారు ఇవ్వకు. ప్రతిసారీ టేపుతోనే చూడాలి. ముందు వెనక సమంగా దించు, లేదా ముందు రెండు మూడు మి.మీ. ఎక్కువ ఉన్నా పర్లేదు. వెనక కూలబడి ముక్కు పైకి లేచిన స్పోర్ట్స్ కారు కంటే వికారమైంది ఉండదు, నా కళ్లకైతే.

బిగించే రోజు నువ్వు దగ్గరుండు. ఆర్మ్‌ల రబ్బరు బుష్ బోల్టులు కారు లిఫ్ట్ మీద వేలాడుతుండగా ఆఖరి బిగింపు బిగించేస్తారు, అదే తేలిక కాబట్టి. అలా బిగిస్తే కారు కిందికి దిగాక బుష్ రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, తొందరగా చిరిగిపోతుంది. బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఆఖరి టార్క్ పెట్టమను. ఒప్పుకోకపోతే వేరే షెడ్డు చూసుకో.

కొత్త స్ప్రింగులు కొన్నాళ్లకు ఇంకాస్త కూర్చుంటాయి. అందుకని మొదట 15 దగ్గర ఆపి, రెండు మూడు వారాలు తిరిగాక మళ్లీ కొలిచి, అప్పుడు 20కి తీసుకురా. బిగించిన వెంటనే ఒకసారి, అలా సర్దిన తర్వాత ఇంకోసారి అలైన్‌మెంట్ చేయించు, ప్రింటు అడిగి తీసుకో. క్యాంబర్ కొంచెం ఎక్కువైనా టైరు ఓర్చుకుంటుంది, టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పితే మాత్రం నెలల్లో అరిగిపోతుంది. హెడ్‌లైట్లు ఎక్కడ పడుతున్నాయో కూడా అదే రోజు సెట్ చేయించు. షాకప్ గట్టిదనాన్ని మార్చే డ్యాంపింగ్ క్లిక్కులు మధ్యలో పెట్టి వదిలెయ్. వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి రింగుల మరలు బ్రష్‌తో కడిగించు. మన దుమ్మూ బురదా కలిసి పట్టేస్తే రింగు కదలదు, అప్పుడు అడ్జస్టబుల్ కిట్టు అన్న మాటే మిగులుతుంది.

ఓఆర్ఆర్ మీద 120లో కారు నిలకడగా ఉండాలన్నావు. ఆ నిలకడ మంచి షాకప్ వల్ల వస్తుంది, 20 దించినా వస్తుంది. 50 దించితే అదనంగా వచ్చేది ఫోటో ఒక్కటే.

చట్టం సంగతి కూడా వినాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత 182ఏ సెక్షన్ అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ అంటుంది. కిట్టు కొనే ముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి తెలుసుకో. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా మెయిల్ పెట్టి, జవాబు రాతలో తీసుకో. రేపు క్లెయిమ్ దగ్గర సర్వేయర్ ఆ రింగులు చూసి పేచీ పెడితే నీ నోటి మాట పనికిరాదు. ఒరిజినల్ స్ప్రింగులు, షాకప్‌లు అమ్మెయ్యకు. తుడిచి, నూనె రాసి, గోనెలో చుట్టి అటక మీద పెట్టు. కారు అమ్మేరోజు కొనేవాడు మొదట అడిగేది అవే.

ఈ ఆదివారం ర్యాంపు ఎన్ని డిగ్రీలుందో, నాలుగు చక్రాల దగ్గర, కారు నడుము కింద ఎంతెంత వచ్చిందో కొలిచి వాట్సాప్‌లో పెట్టు. లోయర్ ఆర్మ్ పక్క నుంచి కనపడేలా ఒక ఫోటో కూడా తియ్యి. అవి చూశాకే కిట్టుకి అడ్వాన్స్ కట్టు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

మామయ్య