టైప్ 1 షుగర్ ఉన్న పాపకు కణమార్పిడి చేయించవచ్చా?

మీ తొమ్మిదేళ్ల పాపకు స్టెమ్‌సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తే ఇన్సులిన్ మానేయవచ్చని ఒక క్లినిక్ వాళ్లు చెప్పారని, నాలుగు లక్షలు కట్టమంటున్నారని రాశారు. వద్దండీ, కట్టకండి.

మాది తిరుపతి. మా అబ్బాయికి ఏడో ఏట టైప్ 1 వచ్చింది, ఇప్పుడు పదహారేళ్లు. అలాంటి క్లినిక్ గడప నేనూ తొక్కాను. కణాలు ఎక్కించాక సి-పెప్టైడ్ పరీక్ష చేసి, ఒంట్లో సొంతంగా ఇన్సులిన్ తయారవుతోందో లేదో చూపిస్తారా అని అడిగితే మాట మార్చారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం మధుమేహానికి స్టెమ్‌సెల్స్ ఇంకా ప్రయోగదశలోనే ఉన్నాయి. ప్రయోగం పేరుతో రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడిగారంటే అక్కడికక్కడే లేచి వచ్చేయాలి.

అసలైన కణమార్పిడి వేరే ఉంది. దాత క్లోమం నుంచి లాంగర్‌హాన్స్ పుటికలను, అంటే ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపులను, వేరుచేసి, సన్నని గొట్టంతో కాలేయానికి వెళ్లే సిరలోకి పంపుతారు. అవి కాలేయంలో కుదురుకుని ఇన్సులిన్ ఇస్తాయి. 2000లో కెనడాలోని ఎడ్మంటన్‌లో జేమ్స్ షాపిరో బృందం ఏడుగురికి ఇలా చేస్తే ఏడుగురూ ఇన్సులిన్ మానేశారు. తర్వాత చేయించుకున్న వాళ్లనూ కలిపి అయిదేళ్లకు చూస్తే, ఇన్సులిన్ అవసరం లేనివాళ్లు పదిమందిలో ఒక్కరే మిగిలారు. ఇది విని చాలామంది పెదవి విరుస్తారు. కానీ అదే లెక్కలో పదిమందిలో ఎనిమిది మందికి ఆ కణాలు ఎంతోకొంత పనిచేస్తూనే ఉన్నాయి. ఆ కాస్త పనికే షుగర్ ఒక్కసారిగా పాతాళానికి పడిపోకుండా ఉంటుంది. దాని విలువ నాకు అలిపిరి మెట్ల మీద తెలిసింది.

రెండేళ్ల క్రితం మొక్కు తీర్చుకోవడానికి కాలినడకన బయలుదేరాం. ఇడ్లీ తిని ఎప్పటి మోతాదు ఇన్సులిన్ వేసుకున్నాడు. మెట్లెక్కే రోజున మోతాదు తగ్గించాలన్న ఆలోచన నాకే రాలేదు. గాలిగోపురం దాకా నాకంటే ముందే ఎక్కాడు. అది దాటాక ఒక మెట్టు మీద కూర్చుండిపోయి, లేవమంటే నా మీద అరిచాడు. ఎన్నడూ ఎదురు చెప్పని పిల్లవాడు. మెడ మీద చెయ్యి వేస్తే చెమటతో చల్లగా తగిలింది. గ్లూకోమీటర్‌లో 41 వచ్చింది. గ్లూకోజ్ సంచి మావారి భుజాన ఉంది, ఆయన ఎక్కడో పైన ఉన్నారు. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ వస్తున్న ఒక పెద్దావిడ నా ముఖం చూసి, నైవేద్యానికి తెచ్చుకున్న బెల్లం అచ్చు మెట్టుకేసి కొట్టి ఒక ముక్క వాడి నోట్లో పెట్టింది. వాడి పెదాలకు పసుపు అంటుకుంది. పావుగంటకు 78కి వచ్చింది. "అమ్మా, నాకేమీ తెలియలేదు" అన్నాడు. షుగర్ పడిపోతున్నట్టు వాడికి తెలియనే లేదు! అదీ నా భయం.

2023లో అమెరికా దాత కణాలు ఎక్కించే ఈ చికిత్సకు అనుమతి ఇచ్చింది కూడా, షుగర్ మాటిమాటికీ ప్రమాదకరంగా పడిపోయే పెద్దవాళ్లకే. 2025లో ప్రయోగశాలలో పెంచిన కణాలను పన్నెండు మందికి ఎక్కిస్తే, ఏడాదికి పదిమంది ఇన్సులిన్ మానేశారు. ఆ వార్త చదివి నేను ఏడ్చాను. అయినా మా వాడికి ఇప్పుడే చేయించమంటే ఒప్పుకోను. పరాయి కణాలను శరీరం తోసిపుచ్చకుండా, అవి పనిచేసినంత కాలం రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడాలి. ఇన్ఫెక్షన్లు, కిడ్నీలకు దెబ్బ. తొమ్మిదేళ్ల పాపకు సూది తప్పించి అవి తగిలిస్తామా?

ఆ నాలుగు లక్షలతో రెండు మూడేళ్లు చేతికి షుగర్ ఎప్పటికప్పుడు చూపించే సెన్సర్ పెట్టించండి. బడికి వెళ్లి టీచర్లతో మాట్లాడండి. మా వాడి పాత బడిలో పరీక్ష మధ్యలో బిస్కెట్ తిననివ్వలేదు, గ్లూకోమీటర్‌ను ఫోను అనుకుని లాక్కున్నారు. బంధువుల సంగతి చెప్పనే అక్కర్లేదు. స్వీట్లు ఎక్కువ పెట్టి ఉంటావు అని నన్నే అంటారు, కాకరకాయ రసం తాగించమంటారు. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను శరీరమే చంపేసుకుంటే కాకరకాయ ఏం చేస్తుంది? ఆ మాటలకు పాప ముందే గట్టిగా జవాబు చెప్పండి, తన తప్పేమీ లేదని తనకూ తెలియాలి.

పాప సి-పెప్టైడ్ ఎంత వచ్చిందో రాయండి. రాత్రి రెండు గంటలకు లేచి షుగర్ చూస్తున్నారా? అదీ రాయండి.