నెట్ తినేసే ఐపీని రౌటరే పట్టుకోవాలంటే

ప్రశ్న: మాది కందుకూరులో కాలేజీ పిల్లల హాస్టలండి, మూడు అంతస్తులు, ఫైబర్ లైను ఒకటే, మైక్రోటిక్ రౌటర్ పెట్టించినా. రాత్రి ఏడైతే చాలు నెట్ కదలదు, చూస్తే ఏదో ఒక ఐపీ నుంచి వేలల్లో కనెక్షన్లు పోతా ఉంటాయి, దాన్ని చేత్తో బ్లాక్ చేస్తే ఇంకోటి లేస్తాది. ఫైర్‌వాలే దానంతటది ఆపేటట్టు చెయ్యొచ్చా? మా తమ్ముడేమో ఫెయిల్‌టుబ్యాన్ వేసుకోమంటన్నాడు.

జవాబు: చెయ్యొచ్చండి, ఫెయిల్‌టుబ్యాన్ మాత్రం వద్దు. అది లాగ్ చదివి తప్పు పాస్‌వర్డ్‌లు కొట్టేవాళ్లని ఆపేది, సర్వర్ ఉన్నోళ్లకి మంచిదే గానీ మీ పిల్లలెవరూ దేంట్లోకీ లాగిన్ అవ్వట్లేదు కదా.

రూల్స్ రాసేముందు పైఅంతస్తుల వైఫై రౌటర్లు చూడండి, కింద నుంచి వచ్చే కేబుల్ వాటి వ్యాన్ పోర్టులో (బయటి ఇంటర్నెట్ లైను గుచ్చే చోట) గుచ్చారా? అట్లయితే ఆ అంతస్తు మొత్తం మీ మైక్రోటిక్‌కి ఒకటే ఐపీగా కనపడుతుంది, ఇరవై మంది మామూలుగా వీడియోలు చూసుకుంటున్నా ఒక్కడే లైనంతా లాగుతున్నట్టు ఉంటుంది, ఇక ఆటోమేటిక్ బ్లాక్ పెట్టారంటే అంతస్తు అంతస్తూ మీ గది ముందుకొస్తుంది. నాకైతే మొదటి అనుమానం ఇదే. వాటిని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి, అంటే వైఫై మాత్రమే ఇచ్చి ఐపీలు పంచకుండా ఉండేటట్టు మార్చి, ఐపీలు మైక్రోటిక్ ఒక్కటే ఇచ్చేటట్టు చూడండి.

తర్వాత ఫార్వర్డ్ చైన్‌లో, అంటే రౌటర్ గుండా దాటిపోయే ట్రాఫిక్‌కి రాసే రూల్స్ వరసలో, లోపల్నుంచి బయటికి 23, 25, 445 పోర్టులకి ఎవరు కొత్త కనెక్షన్ తెరిచినా ఆ ఐపీ అడ్రస్ లిస్టులో (రౌటర్ రాసిపెట్టుకునే అనుమానితుల జాబితా) పడేటట్టు ఒక రూలు. మెయిల్ యాప్‌లు 587, 465 వాడతాయి కాబట్టి హాస్టల్ నుంచి 25 మీద పోయేది స్పామ్ అనే అనుకోవాలి, 445 విండోస్ ఫైల్ షేరింగ్‌ది, దానికి ఇంటర్నెట్‌లో పనేం లేదు. 23 టెల్నెట్, అక్కడ దొరికే దొంగ మీ సీసీ కెమెరాల డీవీఆరే అయినా ఆశ్చర్యపోకండి, 2016లో మిరాయ్ అనే వైరస్ అంతగా పాకింది ఇలాంటి డబ్బాలకి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ అట్లనే వదిలెయ్యబట్టే. రీస్టార్ట్ చేస్తే అది పోతుంది, పాస్‌వర్డ్ మార్చకపోతే మళ్లీ వస్తుంది.

రెండో రూలు కనెక్షన్ లిమిట్, ఒక ఐపీ ఇన్ని కనెక్షన్లు దాటితే అదే లిస్టులో పడేటట్టు, 300తో మొదలుపెట్టండి, పక్కన మాస్క్ 32 ఉండాలి, అంటే ఒక్కో ఐపీని విడిగా లెక్కపెట్టమని, లేకుంటే అందర్నీ కలిపి లెక్కేస్తుంది. రెండ్రోజులు ఊరికే లిస్టులోకి ఎక్కనివ్వండి, డ్రాప్ చెయ్యొద్దు, ఎవరు పడుతున్నారో చూసి అంకె సర్దుకోండి. లిస్టులో ఉంచే టైమవుట్ అరగంట చాలు, పర్మనెంట్‌గా వేస్తే రేపు ఆ ఐపీ ఇంకొకరికి పోతుంది, ఏ పాపం తెలియనోడు మీతో పోట్లాటకొస్తాడు.

ఆ తర్వాత లిస్టులో ఉన్నోళ్లని ఆపే డ్రాప్ రూలు పెట్టండి, అది ఎస్టాబ్లిష్డ్‌ని (అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లని) వదిలే రూలు కంటే పైన ఉండాలి. ఫాస్ట్‌ట్రాక్ (స్పీడు కోసం ఫైర్‌వాల్ రూల్స్ చూడకుండా పంపే దారి) ఆన్‌లో ఉంటే అప్పటికే నడుస్తున్న కనెక్షన్లు డ్రాప్‌కి దొరకవు, కనెక్షన్స్ ట్యాబ్‌లో చేత్తో తీసెయ్యాలి. ఇదంతా ఫార్వర్డ్ చైన్ కాబట్టి మీరే రౌటర్ బయట ఇరుక్కుంటారన్న భయం లేదు.

ప్రశ్న: కావలిలో నెట్ సెంటర్. ఒక సిస్టమ్‌లో వైరస్ పక్కవాటికి పాకింది, రౌటర్‌లో ఫైర్‌వాల్ ఉండి కూడా ఎందుకు ఆపలా?

జవాబు: ఒకే స్విచ్‌లో ఉన్న రెండు సిస్టమ్‌లు మాట్లాడుకునేది రౌటర్ దాకా రానే రాదండి, చూడనిదాన్ని అదేం ఆపుతుంది. ముందు ఆ సిస్టమ్ కేబుల్ పీకండి, మిగతావాటిలో విండోస్ ఫైర్‌వాల్ ఆన్ చెయ్యండి, కొత్త స్విచ్ కొనేటప్పుడు పోర్ట్ ఐసొలేషన్ (ఒక సిస్టమ్ పక్కదాంతో మాట్లాడకుండా ఆపేది) ఉన్నది అడగండి.