పీడీఎఫ్ ప్రింట్‌ను వేరేవాళ్ల రీడర్‌కు వదిలేయకండి

డైలాగ్ బాక్స్ రాకుండా, విండోస్ అప్లికేషన్ నుంచి పీడీఎఫ్ నేరుగా ప్రింటర్‌కు వెళ్లాలంటే ఎలా అని అడిగారు. సీ షార్ప్ ప్రోగ్రామింగ్ భాషలో రాసేవాళ్లకు ఎక్కువమంది చెప్పేది ఒకటే: ‘ప్రాసెస్ స్టార్ట్’ రాసి, వెర్బ్ దగ్గర, అంటే ఫైలుతో ఏం చేయాలో చెప్పేచోట, ‘ప్రింట్’ అని ఇవ్వమంటారు. నాలుగు లైన్ల పని. నేనూ అలాగే రాశాను. దయచేసి మీరు రాయకండి.

గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీకి సాఫ్ట్‌వేర్ చేసిచ్చాను. రైతు మిర్చి టిక్కీలు దించగానే ఎన్ని టిక్కీలు, ఏ ఛాంబరు, ఏ లాటు అన్నది ఎక్కించి బాండు చేతికివ్వాలి. ఆ బాండు పెట్టి రైతు బ్యాంకులో అప్పు తెచ్చుకుంటాడు. రెండు నెలలు బాగానే నడిచింది. మార్చిలో సీజన్ మంచి ఊపు మీదుండగా ఒకరోజు పొద్దున్నే గుమాస్తా ఫోన్ చేశాడు. "సార్, బాండు రావట్లేదండీ. ఏదో ఇంగ్లీషులో మెసేజ్ వస్తోంది. బయట లారీలు ఆగిపోయాయి."

విజయవాడలో బస్సెక్కి వెళ్లాను. ముందురోజు సాయంత్రం ఎవరో కంప్యూటర్ ఫార్మాట్ చేశారు, అక్రోబాట్ రీడర్ మళ్లీ వేయలేదు. పీడీఎఫ్‌లు ఎడ్జ్ బ్రౌజర్‌లో తెరుచుకుంటున్నాయి. ‘ప్రింట్’ వెర్బ్ ఇస్తే ప్రింట్ చేసేది విండోస్ కాదు. ఆ రకం ఫైలు ఏ ప్రోగ్రామ్‌తో తెరుచుకుంటుందో దాన్ని పిలిచి, పని దానికి అప్పజెబుతుంది. అక్కడ ఎడ్జ్‌కి ఆ వెర్బే లేదు. నా ప్రోగ్రామ్ నడవాలంటే వేరే కంపెనీ ప్రోగ్రామ్ ఆ కంప్యూటర్‌లో ఉండాలన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది, గేటు దగ్గర రైతులు ఎండలో నిలబడి ఉండగా.

సుమత్రా పీడీఎఫ్ అనే చిన్న రీడర్ ఉంది. ఇన్‌స్టాల్ చేయనక్కర్లేని దాని పోర్టబుల్ ఫైలు మా అప్లికేషన్ ఫోల్డర్‌లోనే పెట్టి, ‘ప్రింట్-టు’ పక్కన ప్రింటర్ పేరు, దానితోపాటు ‘సైలెంట్’ ఇచ్చి పిలిచాను. బాండు వచ్చింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. మూడో బాండు అందుకున్న పెద్దాయన మాత్రం కాగితాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకుని, "ఏం బాబూ, ఈ నూట ఇరవై గీత మీద పడింది. ఇది టిక్కీలా, లాటు నంబరా?" అని అడిగాడు. ఆయన అడిగింది నిజమే. మాది ముందే గడులు అచ్చేసిన కాగితం. సుమత్రా మామూలుగా పేజీని ప్రింటర్ అచ్చేయగలిగిన మేరకు కుదిస్తుంది. ఏ4లో నాలుగైదు మిల్లీమీటర్లు జరిగితే చాలు, అంకె పై గడిదో కింద గడిదో చెప్పలేం. ప్రింట్ సెట్టింగ్స్‌లో ‘నోస్కేల్’ (సైజు మార్చొద్దని) పెట్టాక సరిపోయింది. అంతకుముందు ఇచ్చిన మూడు బాండ్లూ వెనక్కి తీసుకుని కొత్తవి ఇచ్చాం.

ప్రింటర్ పేరు తప్పకుండా ఇవ్వండి, డీఫాల్ట్ ప్రింటర్‌ను నమ్ముకోకండి. విండోస్ 10లో డీఫాల్ట్ ప్రింటర్‌ను విండోసే చూసుకునే సెట్టింగ్ ఒకటుంది. చివరగా ఏ ప్రింటర్ వాడితే అదే డీఫాల్ట్ అవుతుంది. అకౌంటెంట్ ఒక లెక్కను ‘ప్రింట్ టు పీడీఎఫ్’ చేస్తే, తర్వాత రైతు బాండుకు కాగితం రాదు, ఫైలు ఎక్కడ సేవ్ చేయాలని అడుగుతుంది. నాకు వచ్చే ఫోన్లలో సగం దీని గురించే. ఎవరడిగారు ఈ సౌకర్యం?

ఇంకొందరు పీడీఎఫ్ బైట్లను అలాగే ప్రింటర్‌కు పంపమంటారు. పీడీఎఫ్ అర్థమయ్యే ప్రింటర్ అయితేనే అది కుదురుతుంది, లేకపోతే పిచ్చి అక్షరాలతో కాగితాలు వరసగా బయటికొస్తాయి. సుమత్రాలాంటి బయటి ప్రోగ్రామ్ ఏదీ వద్దనుకుంటే పీడీఎఫియమ్ లైబ్రరీతో మీరే పేజీ గీసి పంపండి. గీసేటప్పుడు స్క్రీన్‌కు వాడే 96 డీపీఐ (అంగుళానికి చుక్కలు) వద్దు. 300 పెట్టండి, ఏ4కి 2480 బై 3508 పిక్సెళ్లు వస్తాయి. తక్కువ పెడితే ఇంగ్లీషు అక్షరాలు ఎలాగోలా చదవొచ్చు గానీ ‘లక్ష్మి’లో వత్తు మసకైపోతుంది. రైతు పేరు తప్పుగా కనబడే బాండును బ్యాంకువాళ్లు తిప్పి పంపితే ఆయనకు ఒక రోజు పోతుంది.

ఇప్పటికీ అక్కడ కొత్త వెర్షన్ పెట్టినప్పుడల్లా నేను స్వయంగా వెళ్తాను. అచ్చుకాగితం మీద ఒక బాండు తీసి, పాత బాండు మీద పెట్టి, రెండూ కలిపి కిటికీ వెలుతురుకు పట్టుకుని గడులు చూస్తాను. ఆ తర్వాతే గుమాస్తాను కౌంటర్ తెరవమంటాను.