ఇజ్రాయెల్ లాబీని విమర్శిస్తే యూదు ద్వేషమేనా?

అమెరికాలో ఇజ్రాయెల్ లాబీని, అంటే ఇజ్రాయెల్‌కు అనుకూలంగా నేతలపై ఒత్తిడి తెచ్చే సంస్థలను, తప్పుపడితే యూదు ద్వేషి అని ముద్ర వేస్తారెందుకు అని అడిగారు. అది ఏమన్నారు, ఎలా అన్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

2019లో అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) సభ్యురాలు ఇల్హాన్ ఒమర్, ఇజ్రాయెల్‌కు అమెరికా నేతల మద్దతంతా డబ్బు కోసమేనన్న అర్థంలో ట్వీట్ చేశారు. పెద్ద గొడవై క్షమాపణ చెప్పారు. ఎందుకంటే, యూదులు డబ్బుతో ప్రభుత్వాలను ఆడిస్తారన్నది యూరప్‌లో ఎప్పటినుంచో ఉన్న నింద. అలాంటి నిందలు ఊచకోతల దాకా వెళ్లాయి.

అలాగని ఐపాక్ అనే ఇజ్రాయెల్ అనుకూల లాబీ సంస్థ కల్పన కాదు. దాని అనుబంధ సూపర్ ప్యాక్ (ఎన్నికల ప్రచారానికి ఎంతైనా ఖర్చుపెట్టగల సంస్థ) 2024లో న్యూయార్క్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఇజ్రాయెల్‌ను విమర్శించే అప్పటి కాంగ్రెస్ సభ్యుడు జమాల్ బోమన్‌ను ఓడించడానికి 1.4 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టింది. ఆ లెక్క చెప్పడం, తుపాకుల లాబీ లెక్క చెప్పడం లాంటిదే. అది చూపించి "యూదులంతా ఇంతే" అంటే మాత్రం ద్వేషమే.

అసలు చిక్కు జియోనిజం దగ్గర. యూదులకు సొంత దేశం ఉండాలన్న వాదం అది. ఒక్క యూదులకే దేశం వద్దనడం వివక్ష కాదా అని కొందరి ప్రశ్న, న్యాయమైనదే. 2023 డిసెంబర్‌లో అమెరికా ప్రతినిధుల సభ 311-14తో, జియోనిజాన్ని వ్యతిరేకించడం యూదు ద్వేషమేనని తీర్మానించింది. 92 మంది అటూ ఇటూ ఓటేయకుండా 'ప్రెజెంట్' (హాజరు) అని ఊరుకున్నారు. వాళ్లలో జెర్రీ నాడ్లర్ స్వయానా యూదుడు! న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఉండే సాత్మార్ అనే ఛాందస శాఖ యూదులు మత కారణాలతోనే జియోనిజాన్ని ఒప్పుకోరు, మరి వాళ్లనేమనాలి?