గీజరులో తెల్లని పొర

ప్రశ్న: మధురవాడలోని మా అపార్ట్‌మెంటుకు బోరు నీరే ఆధారం. కుళాయిల చుట్టూ తెల్లని పొర పేరుకుంటోంది. గీజరు కాయిల్ ఏడాదికే పాడైంది. నీళ్లు మరిగించి వాడితే సరిపోతుందా?
– ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: కొంతవరకేనండి. ఆ పొరకు కారణం నీటి కాఠిన్యం, అంటే నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉండటం. కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్ల వల్ల వచ్చిన కాఠిన్యం మరిగిస్తే తగ్గుతుంది గాని, సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చినది తగ్గదు. మీ గీజరులో వేడికి ఆ బైకార్బొనేట్లే విడిపోయి, సున్నపు పెచ్చుగా కాయిల్‌ను కప్పేసి, దాని వేడి నీటికి అందకుండా చేశాయి. ముందుగా నీటిని పరీక్ష చేయించండి. తాగునీటిలో మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే ఆధారం లేనప్పుడు మాత్రం 600 వరకు ఫర్వాలేదని భారతీయ ప్రమాణం చెబుతోంది. కాఠిన్యం బాగా ఎక్కువగా ఉంటే రెజిన్ సాఫ్ట్‌నర్ (నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను తీసేసి, వాటి బదులు సోడియం వదిలే పరికరం) పెట్టించుకోవడమే నా సలహా. అయితే ఆ నీటిలో సోడియం పెరుగుతుంది కనుక, ఇంట్లో రక్తపోటు ఉన్నవారుంటే తాగే నీటికి వేరే ఏర్పాటు తప్పనిసరిగా చూసుకోండి. షవరు జల్లెడను విప్పి, వెనిగర్‌లో గంటసేపు నానబెట్టి, పాత బ్రష్షుతో రుద్దితే మూసుకుపోయిన రంధ్రాలు తెరుచుకుంటాయి.